న్యాయ విజ్ఞాన పుస్తకాల్లో లేని ముద్దాయి

తెలుగులో న్యాయ సలహాల రాతలకు కొదవ లేదు. దినపత్రికల అనుబంధాల్లో వచ్చే ప్రశ్న - జవాబు శీర్షికలు, న్యాయ సేవాధికార సంస్థలు సదస్సుల్లో పంచే పల్చటి పుస్తకాలు, బస్టాండు దుకాణాల్లో దొరికే ‘మీ హక్కులు’ తరహా సంకలనాలు, పోలీసు శాఖ వేసే కరపత్రాలు - అన్నీ కలిపితే ఒక ప్రక్రియ అనదగ్గంత ఉంది. కథనూ కవితనూ నవలనూ దళిత దృక్పథంతో చదివిన మనం ఈ ప్రక్రియను మాత్రం విమర్శకు పెట్టలేదు. అది సాహిత్యం కాదు, సమాచారం అనుకున్నాం. సమాచారానికి కులం ఉండదనుకున్నాం. క్రిమినల్ కేసుల్లో ఇరుక్కున్న మనుషులకు ఈ రాతలు ఏం చెబుతున్నాయి, ఎవరు అడిగినట్టు ఊహించుకుని చెబుతున్నాయి అనేది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచుకున్న విషయం.

ఈ పుస్తకాల్లో ప్రశ్న అడిగే మనిషికి ఒక ముఖం ఉంది. అతను ఒంటరిగా వస్తాడు. అతని మీద ఒకే కేసు ఉంటుంది. పోలీసులు అతనికి ఫోను చేసి పిలుస్తారు, వెళ్లాలా వద్దా అని అతను ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. అతని మీద ఇంకా దెబ్బ పడలేదు. అతనికి సొంత ఇల్లుంది, చిరునామా ఉంది, వకీలు ఫీజు ఇచ్చుకోగలడు. అందుకే ఎంత చిక్కు ప్రశ్నకైనా చివరి వాక్యం ఒకటే: మంచి న్యాయవాదిని సంప్రదించండి. అతని కులం ఎక్కడా చెప్పరు. చెప్పనవసరం లేని కులం ఏదో మనకు తెలుసు.

ఇక దళితవాడల్లో మేము విన్న ప్రశ్నలు ఇట్లా ఉంటాయి. ‘మేమే ముందుగాల పోయి కేసు పెడితిమి, మళ్ల మామీదనే కేసంట, అదెట్ల?’ ‘ఒక్క కొట్లాటకు రెండు కేసులుంటయా సారూ?’ ‘అట్రాసిటీ తీసేసుకోండి, మీమీదిది మేం తీసేసుకుంటాం అంటన్నారు. తీసేసుకోవచ్చా?’ ‘జామీనుకి మా పల్లెలో పాసుబుక్కున్నోడు ఒక్కడూ లేడు, ఊళ్లోవాళ్లు నిలబడరు. మా పిల్లోడు ఎన్నాళ్లు లోపలుండాల?’ ‘హెడ్డు తెల్లకాయితం మీద ఏలిముద్ర ఏపిచ్చుకున్నాడు, ఏమవుద్ది?’ ‘కేసుంటే కానిస్టేబులు ఉద్యోగం రాదా?’ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనైనా వరంగల్లు, పాలమూరుల్లోనైనా మాటతీరు మారుతుంది గానీ ప్రశ్నలు మారవు. ఈ ప్రశ్నల్లో సగం పైన చెప్పిన పుస్తకాల్లో అసలు లేవు. ఉన్నవాటికి ఇచ్చిన జవాబులు మరొకరికి ఇచ్చినవి.

దీనికి కారణం రచయితల అజ్ఞానం అని మేము అనడం లేదు. వారిలో చాలామందికి చట్టం బాగా తెలుసు. లోపం పుస్తకాలను విడగొట్టిన తీరులో ఉంది. క్రిమినల్ చట్టం మీద పుస్తకం ముద్దాయికి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద పుస్తకం బాధితునికి. మొదటి పుస్తకం పాఠకునికి కులం లేదు. రెండో పుస్తకం పాఠకుని మీద కేసు లేదు. కానీ వాడలో ఉండే మనిషి ఒకే తేదీన, ఒకే గొడవలో, ఒక ఎఫ్.ఐ.ఆర్.లో ఫిర్యాది, ఇంకో ఎఫ్.ఐ.ఆర్.లో ఏ1. అతన్ని ఏ పుస్తకమూ పలకరించదు. ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న ఖాళీలోనే కౌంటరు కేసు నడుస్తుంది, రాజీ నడుస్తుంది, అట్రాసిటీ చట్టం చచ్చిపోతుంది.

కౌంటరు కేసు ఎట్లా పుడుతుందో కాస్త వివరంగా చూద్దాం. గుడి ముందో, చెరువు కాడో, పొలం గట్టు మీదో కొట్లాట అవుతుంది. దళితులు దెబ్బలు తిని ఆసుపత్రికి పోతారు. అవతలివాళ్లలో కూడా ఒకరిద్దరు అదే ఆసుపత్రిలో చేరతారు. దళితుల ఫిర్యాదు తీసుకోవడానికి స్టేషన్లో ‘విచారించి చూద్దాం’ అంటారు. ఈలోపు అవతలి ఫిర్యాదు నమోదవుతుంది. అందులో ఒక స్త్రీ చేత చెయ్యి పట్టుకున్నారని చెప్పిస్తే పాత 354, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 74. ఒక తలగాయానికి కొడవలి తోడైతే పాత 307, ఇప్పటి 109.

ఈ సెక్షన్ల ఎంపిక ఉత్త రాతకోతల వ్యవహారం కాదు. అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లో చెప్పినదాని ప్రకారం, ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అవసరమేమిటో రాతపూర్వకంగా చూపకుండా అరెస్టు చేయకూడదు, ముందు నోటీసు ఇవ్వాలి. పాత కోడులో అది 41ఎ, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35(3). అట్రాసిటీ చట్టం మూడో సెక్షన్ మొదటి భాగంలోని నేరాలకు గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. కాబట్టి కులం పేరుతో తిట్టి కొట్టినవాడికి ఎక్కువ సందర్భాల్లో నోటీసు వస్తుంది. హత్యాయత్నం కింద శిక్ష పదేళ్లకు పోతుంది, జీవిత ఖైదు దాకా కూడా పోతుంది. కాబట్టి దెబ్బలు తిన్న దళితుడు నేరుగా జైలుకు పోతాడు. ఎవరు ఇంటికి, ఎవరు జైలుకు అనేది స్టేషన్ రైటరు రాసే ఒక అంకెతో తేలిపోతుంది. అర్నేష్ కుమార్ తీర్పు గురించి ప్రతి న్యాయ శీర్షికా రాసింది. అది మంచి తీర్పే. కానీ ఒకే గొడవలోని ఇరుపక్షాల మీద అది ఎట్లా పనిచేస్తుందో మేము చూసిన రాతల్లో ఎక్కడా లేదు.

‘ఒక్క కొట్లాటకు రెండు కేసులుంటయా?’ అన్నదానికి జవాబు: ఉంటాయి. కానీ జవాబు అక్కడ ఆగకూడదు. ఒకే ఘటన మీద వచ్చిన కేసు, కౌంటరు కేసు రెండింటినీ ఒకే న్యాయమూర్తి ఒకదాని తర్వాత ఒకటి వినాలని, రెండు తీర్పులూ వెంటవెంటనే చెప్పాలని సుప్రీంకోర్టు 1990లో నాథీలాల్ కేసులోనూ 2001లో సుధీర్ కేసులోనూ చెప్పింది. రెండో కేసు కింది కోర్టులో నడవదగ్గదే అయినా సరే, పై కోర్టుకు పంపాలని సుధీర్ కేసు చెప్పింది. దళితులకు దీని విలువ ఎంతో. అట్రాసిటీ కేసు జిల్లా కేంద్రంలోని ప్రత్యేక కోర్టులో ఏళ్లతరబడి పడి ఉంటుంది. కౌంటరు కేసు తాలూకా కేంద్రంలోని మేజిస్ట్రేటు కోర్టులో నడుస్తూ ఉంటుంది. రెండోదాంట్లో శిక్ష పడుతుందన్న భయంతో మొదటిదాన్ని వదులుకుంటారు. రెండూ ఒకచోట వినండి అని పిటిషన్ వెయ్యొచ్చని తెలిస్తే ఆ భయం కొంతైనా తగ్గుతుంది. మాకు తెలిసిన వాడల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది లేరు. వకీళ్లలోనూ ఎక్కువమంది చెప్పరు.

మరొక సంగతి ఇంతకన్నా విచిత్రం. ఎస్సీ, ఎస్టీల మీద తప్పుడు కేసు, దురుద్దేశంతో వేధింపు కేసు పెట్టడం అట్రాసిటీ చట్టం కిందే నేరం. 1989 చట్టంలోనే ఆ మాట ఉంది. 2015 సవరణ తర్వాత అది 3(1)(పి). ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారమిచ్చి దళితునికి హాని చేయించడం దాని పక్కనే ఉంది. చట్టం రాసినవాళ్లకు కౌంటరు కేసు ఒక కులదాడి రూపమని తెలుసు. చట్టాన్ని జనానికి వివరించేవాళ్లే దాన్ని వదిలేశారు. 2021లో వచ్చిన ‘నాంది’ సినిమా పుణ్యమా అని తప్పుడు కేసులో ఇరికించినవాళ్ల మీద 211 సెక్షన్ కింద తిరిగి కేసు వేయొచ్చని చాలామందికి తెలిసింది. సంతోషమే. దళితుని మీద పెట్టే తప్పుడు కేసుకు వేరే సెక్షన్ ఉందని ఆ స్థాయిలో చెప్పిన సినిమా గానీ శీర్షిక గానీ ఇంతవరకు మా కంటపడలేదు. అయితే 3(1)(పి) మంత్రదండం కాదు. అవతలి కేసు తప్పుడుదని తేలేదాకా కోర్టులు దాన్ని పెద్దగా పట్టించుకోవు. కేసు కొట్టేయడమూ, అది దురుద్దేశంతో పెట్టిందని రుజువు కావడమూ ఒకటి కావు. ఈ ఇబ్బందిని కూడా చెప్పాలి. చెప్పకపోతే మనమూ ఆశలు అమ్మేవాళ్లమే అవుతాం.

స్టేషన్ లోపలి ప్రశ్నల దగ్గరికి వద్దాం. హక్కుల పుస్తకాలన్నీ మౌనంగా ఉండే హక్కుతో మొదలవుతాయి. రాజ్యాంగంలో 20(3) అధికరణం ఉంది, 1978 నాటి నందినీ శత్పథీ తీర్పు ఉంది, నిజమే. వాడలో మాత్రం ఎవరూ ‘నోరు మూసుకుని ఉండొచ్చా’ అని అడగరు. ‘నోరు మూసుకుంటే కొడతరు గద, కొడితే ఎవరికి చెప్పాల, ఎప్పుడు చెప్పాల?’ అని అడుగుతారు. తేడా చిన్నది కాదు. మొదటి ప్రశ్నకు జవాబు ఒక అధికరణం. రెండోదానికి జవాబు ఒక వేళ, ఒక చోటు, ఒక మనిషి. అరెస్టయిన 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. దారిలో పట్టే ప్రయాణం ఈ లెక్కలోకి రాదు. ముందుగా డాక్టరు పరీక్ష జరగాలి. డాక్టరు దగ్గరా మేజిస్ట్రేటు దగ్గరా - ఈ రెండు చోట్లా దెబ్బల సంగతి చెప్పాలి. మేజిస్ట్రేటు అడగకపోయినా చెప్పాలి. తీసుకొచ్చిన కానిస్టేబులు తలుపు దగ్గరే నిలబడి ఉంటాడు, మళ్లీ జైలు దాకా తీసుకుపోయేదీ అతనే అనే భయం ఉంటుంది. ఆ భయాన్ని పుస్తకం గుర్తించాలి. గుర్తించి, అతన్ని కొంచెం దూరం పంపమని అడగొచ్చని రాయాలి.

తెల్లకాగితం ప్రశ్న కూడా ఇట్లాంటిదే. పోలీసులు విచారణలో రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది, పాత కోడులో 162, కొత్తదాంట్లో 181. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యం కింద చెల్లదు. ఫలానా చోట కొడవలి దాచానని చెప్పగా అది దొరికితే మాత్రం అంతమేరకు చెల్లుతుంది. ఆ ‘దొరికిన’ కొడవలి పంచనామా మీద సంతకం చేసే మధ్యవర్తులు ఎవరు? ఊరి పెద్దలే. వాడనుంచి మధ్యవర్తిని పిలవరు. ఒత్తిడి మీద వేలిముద్ర వేసిన మనిషి బయటికొచ్చిన వెంటనే, లేదా రిమాండు నాడే, ఆ సంగతి మేజిస్ట్రేటుకు చెప్పి రాయించుకోవాలి. ఆరు నెలల తర్వాత చెబితే అది వకీలు నేర్పిన మాట అంటారు.

భాష సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మాది. అందువల్ల వాడలోకి ఏ కాగితం వచ్చినా - సమన్లు, నోటీసు, ఛార్జిషీటు - ముందు మా చేతికి వస్తుంది. తెలుగులో రాసిన ఎఫ్.ఐ.ఆర్.నే పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ తెలుగులో చెప్పాల్సి వస్తుంది. ‘సదరు ముద్దాయిలు ఏకోద్దేశంతో’ అన్న మాట విని ఒక పెద్దమ్మ ‘సదరంటే ఏందిరా, మా సుందరమ్మ కొడుకా?’ అని అడిగింది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ‘సదరు’ల్లో ఆమె కొడుకు ఉన్నాడు. అరెస్టుకు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో తెలపాలని, లేకపోతే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో చెప్పింది. అర్థమయ్యే భాష అంటే తెలుగు లిపి అని మాత్రమే అనుకుంటే ఆ తీర్పు కూడా కాగితం మీదే ఉంటుంది. ఇంగ్లీషు పేర్లున్న చట్టాలు పోయి సంస్కృతం పేర్లున్న సంహితలు వచ్చాయి. ఇంగ్లీషు నుంచి సంస్కృతానికి పోయిన దారిలో మన భాష ఎక్కడా తగల్లేదు.

కొత్త సంహితలతో ఇంకో ప్రమాదం వచ్చింది. పాత పుస్తకాలే మళ్లీమళ్లీ అచ్చవుతున్నాయి, అంకెలు మాత్రం మారుస్తున్నారు. కానీ మారినవి అంకెలే కాదు. ‘జైలుకు పంపినంక మళ్ల పోలీసులు తీసుకపోతరా?’ అన్నదానికి పాత జవాబు, మొదటి పదిహేను రోజుల్లోనే తీసుకుపోగలరు, తర్వాత కాదు. కొత్త కోడు 187 సెక్షన్ ప్రకారం ఆ పదిహేను రోజుల్ని విడతలుగా, నేరాన్ని బట్టి మొదటి నలభై లేదా అరవై రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. పాత జవాబు నమ్మినవాడు పదహారో రోజున ధైర్యం తెచ్చుకుంటాడు, ఇరవయ్యో రోజున పోలీసులు వస్తారు. ఛార్జిషీటు అరవై లేదా తొంభై రోజుల్లో వేయకపోతే బెయిలు అడిగే హక్కు మాత్రం అట్లాగే ఉంది. అడగాలి, అదంతట అది రాదు. ఛార్జిషీటు పడేలోపే అడగాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో ఎఫ్.ఐ.ఆర్.కు ముందు పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణకు కొత్త కోడు దారి తెరిచింది. అట్రాసిటీ కేసుకు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ చెబుతోంది. స్టేషన్లో ‘కొత్త చట్టం ప్రకారం విచారించాలి’ అనే మాట వినబడితే ఈ 18ఎ చూపించాలి.

ఇప్పుడు జామీను. దీని గురించి ఎంత రాసినా తక్కువే. బెయిలు ఇవ్వడం ఒకటి, బెయిలు మీద బయటికి రావడం ఇంకొకటి. ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరికి ఇంత ఆస్తి, పాసుపుస్తకమో ఇంటిపన్ను రశీదో, రెవెన్యూ వాళ్ల ధ్రువీకరణ - ఇదీ కోర్టు అడిగేది. అంటే కోర్టు అడుగుతున్నది భూమిని. భూమి ఎవరి దగ్గర ఉందో వేరే చెప్పాలా? భూమిలేని కులానికి జామీను కావాలంటే భూమి ఉన్న కులం ముందుకు రావాలి. ఏ కులంతో గొడవైందో ఆ కులమే. మామూలు దొంగతనం కేసులోనో తాగుడు గొడవలోనో అయితే ఆ ఊరి ఆసామి నిలబడతాడు కూడా. నిలబడి, ఆ ఉపకారాన్ని ఏళ్లతరబడి పనిలో రాబట్టుకుంటాడు. వెట్టిచాకిరీ 1976 చట్టంతో పోయిందంటారు. జామీను రూపంలో అది కోర్టు మెట్ల మీదే పుడుతోందని మా అభిప్రాయం. లేదంటే కోర్టు ఆవరణలో కిరాయి జామీనుదారులు ఉంటారు. వాళ్లను వాడుకున్నందుకు మళ్లీ ఒక కేసు పడే ప్రమాదం ఉంది.

సుప్రీంకోర్టుకు ఇది తెలియనిది కాదు. 1978లో మోతీరామ్ కేసు. అతను తాపీమేస్త్రీ. కింది కోర్టు పదివేల రూపాయల జామీను అడిగింది, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీనును తిరస్కరించింది. జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద అతన్ని వదలమన్నారు. పేదవాణ్ణి స్థానిక జామీను పేరుతో లోపల ఉంచడాన్ని తప్పుపట్టారు. నలభై అయిదేళ్ల తర్వాత 2023 జనవరి 31న అదే కోర్టు మళ్లీ అదే సంగతి మీద మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా ముద్దాయి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల దాటితే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం ఆలోచించవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని కూడా ఒప్పుకుంది. బెయిలబుల్ నేరాల్లోనైతే వారంలోగా జామీను తేలేనివాణ్ణి పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని కోడులోనే ఉంది, ఇప్పుడది 478. ఇవన్నీ కోర్టు కాగితాల్లో ఉన్నాయి. ‘మా పల్లెలో పాసుబుక్కున్నోడు లేడు’ అన్నవాడి దగ్గరికి రాలేదు.

2022 జాతీయ నేర గణాంకాల సంస్థ జైలు లెక్కల ప్రకారం ఈ దేశపు జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి డెబ్బై అయిదుగురికి పైగా శిక్షపడినవాళ్లు కాదు, విచారణలో ఉన్నవాళ్లు. వారిలో సుమారు అయిదింట ఒక వంతు దళితులు. 2011 జనాభాలో దళితుల వాటా 16.6 శాతం. ఈ తేడాను చూపి దళితుల్లో నేరస్తులెక్కువ అనే పెద్దమనుషులు ఉన్నారు. పాసుపుస్తకం లెక్క కూడా పక్కన పెట్టి చూడమని వాళ్లకు మా మనవి.

‘మంచి న్యాయవాదిని సంప్రదించండి’ అనే వాక్యానికి కూడా జవాబు చట్టంలోనే ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఉచిత న్యాయ సహాయం ఎవరికో చెప్పేది దాని 12వ సెక్షన్. అందులో మొట్టమొదటి వరుస షెడ్యూల్డు కులాలు, తెగలు. ఆదాయ పరిమితి లేదు. ఆదాయం మాట చిట్టచివరి వరుసలో వస్తుంది, అది మిగతావాళ్లకు. కులదాడి బాధితులకు వేరే ఒక వరుస, కస్టడీలో ఉన్నవాళ్లకు వేరే ఒక వరుస ఉన్నాయి. అంటే జైల్లో ఉన్న దళితుడు ఒకటికి మూడుసార్లు అర్హుడు కావచ్చు. మరి ఈ చట్టం గురించి వేసే కరపత్రాల శీర్షిక చూడండి: ‘పేదలకు ఉచిత న్యాయ సహాయం’. చట్టం కులాన్ని ముందు పెట్టింది, కరపత్రం పేదరికాన్ని ముందు పెట్టింది. ఈ మార్పిడి ఎవరో కుట్రపన్ని చేశారని మేము అనడం లేదు. కులం అనే మాట పలకడానికి నాగరిక సమాజానికి ఉండే మొహమాటం చాలు. దాని ఫలితంగా రెండెకరాల డి.ఫారం పట్టా ఉన్న మాదిగ రైతు ‘నేను తెల్లకార్డోణ్ణి కాదు గదా, నాకెందుకిస్తారు’ అనుకుని అప్పు చేసి వకీలును పెట్టుకుంటాడు. న్యాయ సహాయం కింద వచ్చే వకీళ్లందరూ శ్రద్ధగా పనిచేస్తారని మేము హామీ ఇవ్వలేం. ఊరి పెద్దల కులంవాడే రావచ్చు. అప్పుడు మార్చమని అడిగే హక్కు ఉంది, అడగాలి.

వాయిదాల దగ్గర ముద్దాయి - ఫిర్యాది అనే విభజన ఎంత హాస్యాస్పదమో తేటతెల్లంగా కనబడుతుంది. 1995 అట్రాసిటీ నియమాల్లో 11వ నియమం ప్రకారం బాధితునికీ సాక్షికీ ప్రయాణ ఖర్చులు, రోజు భత్యం ఇవ్వాలి. సోమవారం ప్రత్యేక కోర్టుకు సాక్షిగా పోతే భత్యం రావాలి, వస్తుందా రాదా అనేది వేరే కథ. బుధవారం అదే మనిషి అదే గొడవ మీద ముద్దాయిగా పోతే కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, పోకపోతే వారెంటు వస్తుంది. వాయిదాకు రాలేని నాడు వకీలు ద్వారా గైరుహాజరు పిటిషన్ వేయించుకోవచ్చని తెలియక నాన్‌బెయిలబుల్ వారెంట్ల మీద జైలుకు పోయినవాళ్లున్నారు. చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన హత్యాకాండ కేసులో ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టాలని దళితులు పోరాడి సాధించారు. సాక్షికి దూరమే ఒక శిక్ష అని ఆ పోరాటానికి తెలుసు. 2007లో అక్కడ 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరుపై ఎన్నో వ్యాసాలొచ్చాయి. కౌంటరు కేసు ముద్దాయికి కోర్టు ఎంత దూరం అని ఇంకా ఎవరూ కొలవలేదు.

ఇవన్నీ కలిసి రాజీ దగ్గరికి చేరతాయి. ఊరి పెద్ద, సర్పంచి, కొన్నిచోట్ల ఎస్సై కూడా కూర్చుని ‘ఇద్దరూ తీసేసుకోండి’ అంటారు. న్యాయ శీర్షికలు ఇక్కడ ఏం చెబుతాయి? లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, కాలం, డబ్బు ఆదా అవుతాయి అని చెబుతాయి. కులం లేని ఇద్దరి మధ్య అది మంచి సలహానే. ఇక్కడ కాదు. అట్రాసిటీ చట్టం కింది నేరాలు రాజీపడదగ్గవి కావు. దళితుడు స్టేషనుకు పోయి ‘తీసేసుకుంటున్నా’ అంటే చట్టం దృష్టిలో ఏమీ జరగదు. ప్రత్యేక సందర్భాల్లో హైకోర్టు కొట్టేయగలదు, 2021లో రామావతార్ కేసులో సుప్రీంకోర్టు తన విశేషాధికారంతో అట్లా చేసింది, కానీ ఊళ్లో పెద్దమనుషులు కుదిర్చేది ఆ దారి కాదు. వాళ్ల దారిలో దళితుడు బోనెక్కి ‘నన్నెవరు కొట్టారో నాకు తెలియదు’ అని చెప్పాలి. ప్రాసిక్యూటరు అతన్ని ఎదురుతిరిగిన సాక్షిగా ప్రకటిస్తాడు. కేసు పోతుంది. ప్రమాణం చేసి అబద్ధమాడినందుకు అతని మీదే చర్యకు అవకాశం ఏర్పడుతుంది. మరి అతని మీది కౌంటరు కేసు? అందులో హత్యాయత్నం సెక్షన్ ఉంటే అదీ రాజీపడదగ్గది కాదు. అవతలివాళ్లు మాట నిలుపుకుంటేనే, అంటే వాళ్లూ ఎదురుతిరిగితేనే పోతుంది. ముందుగా ఏ కేసు విచారణకు వస్తుందో దాని మీద ఆధారపడి ఉంటుంది. అట్రాసిటీ కేసు ముందు వచ్చిందా, దళితుడు తన ఆయుధం పారేసి అవతలివాడి మంచితనం మీద బతకాలి.

ఇట్లా పోయిన ప్రతి కేసూ లెక్కల్లో ‘రుజువు కాని కేసు’ అవుతుంది. రుజువు కాని కేసులు పెరిగితే ‘చట్టం దుర్వినియోగమవుతోంది’ అంటారు. 2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ దుర్వినియోగం మాటతోనే చట్టానికి కళ్లెం వేసింది. దేశమంతా దళితులు ఏప్రిల్ 2న రోడ్లమీదికి వచ్చాక పార్లమెంటు 18ఎ తెచ్చి ఆ కళ్లెం తీసింది. ఆ ఉద్యమం సాధించింది గొప్పది. కానీ ఆ ఉద్యమం తరఫున వెలువడ్డ కరపత్రాల్లో కూడా, వాడలో మనిషి ఎందుకు ఎదురుతిరుగుతాడు అన్న ప్రశ్న లేదు. అతన్ని అమ్ముడుపోయాడని తిట్టినవాళ్లున్నారు. రిమాండులో ఉన్న కొడుకును బయటికి తెచ్చుకోవడానికి తండ్రి ఎదురుతిరిగితే దాన్ని అమ్ముడుపోవడం అనలేం.

అంటే విమర్శ మనవైపు కూడా రావాలి. కారంచేడు తర్వాత దళిత ఉద్యమం బాధితుని భాషను సాధించింది, ముద్దాయి భాషను మాత్రం పౌరహక్కుల వాళ్లకు వదిలేసింది. ముద్దాయి అంటే మనకు ఇబ్బంది. దొంగతనం కేసు, సారా కేసు, గంజాయి మోసిన కేసులో ఇరుక్కున్న దళితుడు సభలో చెప్పుకోదగ్గ మనిషి కాడు. పదిహేడేళ్ల ఆధిపత్య కులపు పిల్లను ప్రేమించిన పందొమ్మిదేళ్ల మాల పిల్లవాడి మీద కిడ్నాపు, పోక్సో కేసులు పడితే మనం కులాంతర ప్రేమ మీద ఉపన్యాసం ఇస్తాం. అతని తల్లి మాత్రం బెయిలు ఎప్పుడొస్తుందని అడుగుతుంది. పద్దెనిమిది నిండకపోతే పిల్ల ఇష్టం లెక్కలోకి రాదు అన్న కఠినమైన నిజం ఆమెకు చెప్పేవాళ్లుండాలి. పిల్ల తనంతట తానే ఇల్లు విడిచి వస్తే అది ‘తీసుకుపోవడం’ కాకపోవచ్చని 1964లోనే వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు అన్న సంగతి, అది కిడ్నాపు వరకే పనికొస్తుంది గానీ పోక్సోకు కాదన్న సంగతి కూడా చెప్పేవాళ్లుండాలి. ఇక స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో తరాలు గడిపిన ఎరుకల వాళ్లను నేరస్త తెగల చట్టం పుట్టుకతోనే ముద్దాయిలను చేసింది. ఆ చట్టం 1952లో పోయింది. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వాళ్ల గడప తొక్కే అలవాటు పోలేదు. వాళ్లు అమాయకులని నిరూపించాకే వాళ్ల పక్షాన మాట్లాడతామంటే మనం స్టేషన్ రైటరు కన్నా మెరుగేమీ కాదు.

తెలుగులో ఈ లోటును గుర్తించిన ఒక పుస్తకం పేరు తప్పక చెప్పాలి - బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’. ఆ పేరులోనే ప్రశ్న ఎవరిదో ఉంది. ‘నిందితుని హక్కులు’ అని పెట్టి ఉండొచ్చు, పెట్టలేదు. కారంచేడు ఘటన తర్వాత ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసిన మనిషి ఆయన. ఫిర్యాది వైపూ ముద్దాయి వైపూ రెండింటా నిలబడ్డ వకీలు. 2016లో ఆయన పోయారు. ఆ తర్వాత చట్టాలు మారాయి. ఆ పుస్తకాన్ని కొత్త సంహితలకు తగ్గట్టు తిరగరాయడం, అందులోనే అట్రాసిటీ చట్టాన్నీ కౌంటరు కేసునూ జామీనునూ ఒకే చోట కూర్చడం మన పరిశోధకులు, మన వకీళ్లు కలిసి చేయదగ్గ పని. లా కాలేజీల్లో దళిత విద్యార్థులు ఇప్పుడు తక్కువేమీ లేరు. ప్రశ్నలు మాత్రం లైబ్రరీలో కూర్చుని తయారుచేయకూడదు. వాడలో, సబ్‌జైలు ములాఖాత్ క్యూలో, కోర్టు వేపచెట్టు కింద అడిగి రాసుకోవాలి, వాళ్ల మాటల్లోనే.

పైన ఎత్తుకున్న ప్రశ్నల్లో ఇంకొకటి మిగిలింది: కేసుంటే ఉద్యోగం రాదా? కౌంటరు కేసులో ఎప్పుడూ చదువుకున్న కుర్రాణ్ణే ముందు వరుసలో పెడతారు. గొడవనాడు అతను హాస్టల్లో ఉన్నా సరే. ఎవర్ని ఎక్కడ కొడితే వాడ పదేళ్లు లేవదో ఫిర్యాదు రాయించేవాళ్లకు తెలుసు. దీనికి 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: కేసు ఉండటంతోనే ఉద్యోగం పోదు, కేసు స్వభావం చూసి అధికారి నిర్ణయించాలి, కానీ అడిగిన చోట దాచిపెడితే దాచిపెట్టడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావచ్చు. మన పిల్లలు భయపడి ‘లేదు’ అని రాస్తున్నారు. రాజీ అయిపోయింది గదా, ఇక కేసు లేనట్టే అని పెద్దవాళ్లు చెప్పిన మాట నమ్మి రాస్తున్నారు. అటెస్టేషన్ ఫారంలో ఆ గడి ఎదురైనప్పుడు ‘ఉంది’ అని రాసి, ఎఫ్.ఐ.ఆర్. నంబరు వేసి, మా ఫిర్యాదుకు కౌంటరుగా పెట్టిన కేసు అని అట్రాసిటీ ఎఫ్.ఐ.ఆర్. నకలు కూడా జతచేయాలి. ఫిర్యాదిగా నమోదైన సమాచారమైతే ఆ నకలు స్టేషన్లో ఉచితంగా ఇవ్వాలి, కేసు పెట్టిన నాడే అడిగి తీసుకుని దాచుకోవాలి.